వల గట్టుకొచ్చేదాకా

నా గొంతు పెద్దది. గొప్పకు చెప్పడం లేదు, దాచుకుంటే దాగేది కాదు కనుక ముందే చెబుతున్నాను. తూంకుంటలో మేముండే అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో నేను ఫోన్ మాట్లాడితే కింద గేటు దగ్గర వాచ్‌మన్ తలెత్తి చూస్తాడు. మా కోడలు కొత్తలో గబగబా కిటికీలు వేసేది. ఇప్పుడు ఆమెకూ అలవాటైంది, ఎదురింటివాళ్ళకూ అలవాటైంది.

మొన్న మనవరాలిని తీసుకురావడానికి వాళ్ళ బడికి వెళ్ళాను. వార్షికోత్సవం దగ్గర పడింది, మూడో తరగతి పిల్లలు పాట సాధన చేస్తున్నారు. పాట కోసం ప్రత్యేకంగా ఒక గది ఉంది. వరసగా కీబోర్డులు, నేల మీద మెత్తటి చాప, గోడలకు చప్పుడు బయటికి పోకుండా ఏదో అతికించారు. పాటకు ఇచ్చింది మూడు నిమిషాలేనట. వెనక నుంచి రికార్డు చేసిన సంగీతం వస్తుంటే పిల్లలు దాంతోపాటు పాడాలి. మూడు నిమిషాలు కాగానే ఆ సంగీతం ఆగింది. పిల్లలు ఒక చరణం సగంలో ఉన్నారు. అనబోయే మాట నోట్లోనే ఉంచుకుని అందరూ ఠక్కున ఆగిపోయి, వరసగా బయటికి వచ్చేశారు.

అందులో తప్పేమీ లేదు. టీచరు మంచిది, పిల్లలు ముద్దుగా పాడారు. కానీ నేను మాత్రం తలుపు పక్కన నిలబడి పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. "ఏంది నానమ్మా?" అని మనవరాలు అడిగితే ఏమీ లేదన్నాను. మేమూ ఆ వయసులోనే ఒకసారి స్టేజీ ఎక్కాం. మాకు వచ్చిన చిక్కల్లా, పాట ఆపలేకపోవడం.

మా పుట్టిల్లు శామీర్‌పేట చెరువు పక్కన. ఇప్పుడు అక్కడ పెళ్ళికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలు, పైన ఎగిరే కెమెరాలు, ఆదివారాలు కార్ల వరసలు. అప్పట్లో చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళు పదిహేనో ఇరవయ్యో ఉండేవి. ఇంటి ముందు దండెం మీద బట్టలకన్నా వలలే ఎక్కువ. వలలు చివికిపోకుండా ఏదో చెట్టు బెరడు ఉడికించి ఆ రసం పట్టించేవారు. ఆ వగరు వాసన, ఎండుచేపల వాసన, బురద వాసన అన్నీ కలిసి మా ఒంటికి అంటుకుని బడిదాకా మాతోపాటే వచ్చేవి. రెడ్ల పిల్లలు ముక్కు మూసుకుంటే మేం కావాలనే వాళ్ళ పక్కన కూర్చునేవాళ్ళం.

మా అవ్వ, అంటే మా నాయిన తల్లి, చెరువు దగ్గర పాట చెప్పేది. పెద్దవల గుంజేటప్పుడు రెండు జట్లుంటాయి. వలను నీళ్ళలో నెలవంకలాగా పరిచి, రెండు కొసల తాళ్ళనూ రెండు జట్లూ పట్టుకుని గట్టుకు గుంజాలి. ఒక జట్టు ముందుపడినా, ఒకటి వెనకబడినా వల ఒంకరపోతుంది, చేపలు సందు చూసుకుని జారుకుంటాయి. అందుకని నడుమ ఒకరు నిలబడి పాట చెప్పాలి. చెప్పేవాళ్ళు ఒక మాట అంటే, గుంజేవాళ్ళంతా "గుంజు" అంటూ ఒక్కసారే గుంజాలి. ముందు ఆ పని మా తాత చేసేవాడట. తాత పోయాక మగవాళ్ళు ఒక్కొక్కరూ చెప్పి చూశారు, ఎవరి గొంతూ అవతలి జట్టుకు అందలేదు. చివరికి అవ్వ కొంగు బిగించి వచ్చి నిలబడిందని నాయిన చెప్పేవాడు.

ఆ పాటకు రెండు కట్టుబాట్లుండేవి. ఒకటి, మొదలుపెట్టాక వల గట్టుకొచ్చేదాకా ఆపకూడదు. ఆపితే తాళ్ళు వదులవుతాయి, చేప అడుగు నుంచి తప్పించుకుంటుంది. చెప్పే మాటలు అయిపోతే కొత్తవి అల్లుకోవాలి. ఎదురుగా ఎవరు కనబడితే వాళ్ళమీద అల్లాలి. రెండోది, వల లేకుండా ఆ పాట ఎత్తకూడదు. ఇంట్లో గానీ పొలంలో గానీ పిల్లలు ఆటకు ఎత్తినా అవ్వ చీపురు అందుకునేది.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు మా బడికి కోస్తా నుంచి ఒక పంతులమ్మ వచ్చింది. ఆమె భర్తకు ఆ దగ్గరలో ఏదో ఆఫీసులో ఉద్యోగం. ఆమె బస్సు దిగినప్పుడు చేతిలో పెట్టె ఒకటి, పాత పట్టుచీరలో చుట్టిన మరో పెట్టె ఒకటి ఉన్నాయి. ఆ రెండోది హార్మోనియం. శుక్రవారం ఆఖరి గంటలో పాటలు నేర్పుతానని ఆమె అంటే పెద్దసారు, అంటే మా హెడ్మాస్టరు, సరే కానీయమన్నాడు. ఇంటికొచ్చి చెబితే నాయిన నవ్వాడు.

"పాట గుడ పాఠమేనా? మరి తప్పు పాడితే బెత్తంతోని కొడ్తదా?"

ఆమె బెత్తం పట్టేది కాదు. పేరు పెట్టి పిలిచేది, "అమ్మా" అనేది, తడబడితే నవ్వేది. అందరికీ నచ్చింది, నాకు తప్ప. ఎందుకంటే మొదటి శుక్రవారమే నేను నోరు తెరవగానే ఆమె చేతులు హార్మోనియం మీద ఆగిపోయాయి.

"అంత గొంతు చించుకోకూడదమ్మా. శ్రుతి విను. విని, అందులో నీ గొంతు కలుపు."

విన్నాను. విని కలపబోతే చెంబులో బిందెడు నీళ్ళు పోసినట్టయ్యేది. గొంతు తగ్గిస్తే గాలి తప్ప పాట వచ్చేది కాదు. నాలుగు వారాలు చూసి ఆమె నాకు వేరే పని ఇచ్చింది. ఆమె రెండు చేతులతోనూ మెట్లు నొక్కుతుంటే నేను హార్మోనియం వెనక కూర్చుని తిత్తి కొట్టాలి. అందరూ పాడుతుంటే నేను గాలి కొట్టాను.

శివరాత్రి దాటి ఎండలు మొదలయ్యాయి. ఒకరోజు పెద్దసారు కాగితం తెచ్చి చదివాడు. మేడ్చల్‌లో చుట్టుపక్కల చిన్నబళ్ళన్నిటికీ పాటల పోటీ. ఒక్కో బడి నుంచి పన్నెండుమంది, వాద్యం దగ్గర ఇంకొకరు. స్టేజీ, మైకు, టెంటు అన్నీ ఉంటాయి. పాడే పాట మాత్రం ఆ ఊరి పాటే అయి ఉండాలి.

మైకు అన్న మాట వినగానే నా మనసు అక్కడే ఆగిపోయింది. మైకు పెళ్ళిళ్ళలో చూశాను, సినిమా బండి మీద చూశాను. అందులోంచి నా గొంతు ఎలా వస్తుందో వినాలని నాకు పుట్టిన ఆశ ఇంతా అంతా కాదు. అన్నం తింటున్నా అదే, గేదెను తోలుకెళ్తున్నా అదే.

"మీ ఊళ్ళో పాటలేం ఉన్నాయి? ఎవరైనా ఒకటి చెప్పండి" అంది పంతులమ్మ.

చెరువు పక్క పిల్లలమంతా కాళ్ళ వేళ్ళు చూసుకుంటూ కూర్చున్నాం. మాకు వచ్చిన పాట ఒక్కటే, అది చెప్పకూడనిది. ఆమె ఒకటికి రెండుసార్లు అడిగి, ఊరికి పాటే లేకపోతే ఎలాగని బాధపడి, తనకు తెలిసిన పాటే ఒకటి మొదలుపెట్టింది. పన్నెండుమందిని ఎంచింది. నేను పదమూడోదాన్ని. తిత్తి కొట్టడానికి మేడ్చల్ రావాలట.

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. మర్నాడు పొద్దున చెరువులో వేలెడంత పరకపిల్లల్ని రెంటిని పట్టి, లంగా కుచ్చెళ్ళలో తడిగా చుట్టి తెచ్చి, ఆమె మంచినీళ్ళ కూజాలో వేశాను. మధ్యాహ్నం ఆమె గ్లాసులోకి నీళ్ళు వంచుకుంది. రెండూ గ్లాసులోకే వచ్చి గుండ్రంగా తిరిగాయి. ఆమె గ్లాసు వెలుతురుకు ఎత్తి చూసింది, తర్వాత నా తడిసిన లంగా చూసింది.

"బతికే ఉన్నాయి పాపం" అంది. "ఎక్కడినించి తెచ్చావో అక్కడే వదలాలి. బడి అయ్యాక నాతో రా."

తిడితే బాగుండేది. బడి అయ్యాక ఆమె గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, నీళ్ళు తొణక్కుండా, నాతోపాటు చెరువుదాకా నడిచింది. దారిలో ఎదురైన వాళ్ళందరూ గ్లాసులోకి తొంగిచూసి, తర్వాత నన్ను చూశారు. మేం గట్టు ఎక్కేసరికి సాయంత్రపు వల పడి ఉంది. మగవాళ్ళు మోకాళ్ళలోతు నీళ్ళలో రెండు పక్కలా తాళ్ళు పట్టుకున్నారు. అవ్వ నడుమ నిలబడి పాట చెబుతోంది. పంతులమ్మను చూసింది, చేతిలో గ్లాసు చూసింది, పాట ఆపకుండానే అల్లేసింది.

"గట్టుమీద పంతులమ్మ గిలాస పట్టె."

"గుంజు."

"గిలాసల మన చేపబిడ్డ ఈత గొట్టె."

"గుంజు."

గుంజేవాళ్ళు నవ్వుతూనే గుంజారు. పంతులమ్మ కూడా నవ్వింది. తర్వాత నవ్వడం మానేసి అలాగే నిలబడిపోయింది. గ్లాసు సంగతి మర్చిపోయింది, నేనే తీసుకుని చేపల్ని నీళ్ళలో వదిలాను. అంతలో అవ్వకు దగ్గు తెర వచ్చింది. ఆ ఏడు ఆమెకు దగ్గు ఎక్కువగా ఉండేది, అలాంటప్పుడు ఎవరు దగ్గరుంటే వాళ్ళు అందుకోవాలి. నేను అందుకున్నాను. ఆలోచించి చేసింది కాదు, దగ్గరున్నాను కాబట్టి చేశాను. అవతలి జట్టు చివరన మా తాత అన్నకొడుకు, నాకు పెద్దనాయిన, ఉన్నాడు. ఆయనదాకా నా గొంతు పోయింది, తాడు కదిలింది. పంతులమ్మ మెల్లగా నా వైపు తిరిగింది. ఆమె అప్పుడు చూసిన చూపు ఇప్పటికీ నా కళ్ళ ముందుంది.

వల గట్టుకొచ్చాక ఆమె అవ్వ పక్కన బురదలోనే చతికిలబడింది.

"అవ్వా, ఈ పాట పిల్లలకి నేర్పుతారా? మేడ్చల్‌లో పాడిస్తాను. మీ మనవరాలు ముందు నిలబడి పాడాలి."

"వద్దు పంతులమ్మా" అంది అవ్వ. "నువ్వు దీన్ని పాటనుకుంటున్నవు. ఇది పిలుపు. ఉత్తగ పిలిస్తే చేప మోసపోతది. రేపు నిజంగ పిలిస్తె రాదు."

"మేడ్చల్‌లో పాడితే ఈ చెరువులో చేపలకెలా వినబడుతుందండీ?"

"నీళ్ళకు నీళ్ళకు చుట్టరికముంటదమ్మా. రేపు వాన వడితె ఆడి నీళ్ళేవో ఈడి నీళ్ళేవో నువ్వు చెప్తవా?"

"మీ ఇష్టం అవ్వా" అని పంతులమ్మ చీర దులుపుకుని లేచింది. నాకు మాత్రం మైకు ఒక్క అడుగు దూరందాకా వచ్చి వెనక్కి పోయినట్టయింది.

ఆ సాయంత్రం చింతచిగురు వేసి చిన్నచేపలు వండారు. నాకు అంతకన్నా ఇష్టమైన కూర లేదు. అయినా కంచం ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాను.

"తింటె తిను, లేకుంటె పక్కకు జరుగు, పిల్లికన్న పెడ్త" అంది అవ్వ.

"అవ్వా, వల లేకుండ పాడొద్దనే గద నువ్వన్నది?"

"అవు."

"వల ఉంటె పాడొచ్చు గద?"

అవ్వ ముద్ద నోటిదాకా తెచ్చి ఆగింది. నేను పైకి చూపించాను. దూలానికి మా పాతవల వేలాడుతోంది, చిరుగులు పడ్డదే గానీ వల వలే. నాయినకు పొలమారింది. నవ్వుతూ దగ్గుతూ నెత్తిమీద తట్టుకుంటున్నాడు.

"నీ నోరు పాడుగాను, ఎవ్వలి పోలికనే నీది?" అంది అవ్వ.

"ఎవ్వలిదో తెల్వదా అమ్మా నీకు" అన్నాడు నాయిన.

అందరూ తిన్నాక, చేతులు కడుక్కుంటూ, అవ్వ ఎవరితోనో చెబుతున్నట్టు అంది. "వల వోతే వల ఎంబడి ఇంటి పెద్ద పోవాలె. నేను గుడ వస్త."

వారం రోజులు బడి ముందు మైదానంలో వల ఈడ్చాం. ఆరుగురు ఒక పక్క, ఆరుగురు మరో పక్క, నడుమ నేను. వలకు ముళ్ళు, ఎండుటాకులు, మేకపెంటికలు పడ్డాయి. పంతులమ్మ ఒకరోజు హార్మోనియం ముందేసుకుని నన్ను పాడమంది. ఒక మెట్టు నొక్కి చూసింది, కాదంది. ఇంకోటి నొక్కింది. అలా చాలాసేపు వెతికి వెతికి ఒకచోట ఆగింది. నా గొంతూ ఆ పెట్టె గొంతూ ఒకటయ్యాయి.

"ఇదుగో, నీ శ్రుతి ఇక్కడుందమ్మా. ఇన్నాళ్ళూ నేనే ఇంకోచోట వెతికాను."

పెద్దవాళ్ళు తమ పొరపాటు పిల్లల ముందు ఒప్పుకోవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. ఆ తర్వాత కూడా ఎక్కువసార్లు చూడలేదు.

పెద్దసారుకు మాత్రం వల వాసన గుబులు పుట్టించింది. "స్టేజి మీదికి వల ఏంది మేడం? ఇజ్జత్ పోతది" అన్నాడు.

"పోతే నాది పోతుంది లెండి సార్" అంది ఆమె.

పోటీ రోజు తెల్లవారగానే ఎడ్లబండి కట్టారు. అడుగున వల, వల మీద హార్మోనియం, చుట్టూ మేం. అవ్వ బండి ముందు భాగంలో కాళ్ళు వేలాడేసి కూర్చుంది. మూటలో జొన్నరొట్టెలు, ఉల్లికారం. మేడ్చల్ దారిలో అప్పుడు ద్రాక్షతోటలుండేవి. పందిళ్ళ కింద పచ్చటి నీడ, గుత్తులు చేతికందేంత దగ్గర. బండి మెల్లగా పోతుంటే మగపిల్లలిద్దరు దిగి చెరో గుత్తీ తెంపుకొచ్చారు. అందరం పంచుకున్నాం.

"పుల్లటియి తినకు, గొంతు వోతది" అంది అవ్వ నాతో. నా వాటా ఆమే తినేసింది.

మేడ్చల్ పెద్దబడి ముందు టెంటు వేశారు. బల్లలన్నీ కలిపి పైన జంఖానా పరిచి స్టేజీ చేశారు. ఎదురుగా మూడు కుర్చీల్లో మార్కులు వేసే సార్లు, వాళ్ళ ముందు ఇత్తడి గంట. ఒక్కో బడికి నాలుగు నిమిషాలు, గంట కొడితే ఆపాలని ముందే చెప్పారు. పంతులమ్మ మాకు దాన్ని పదిసార్లు చెప్పింది. మేం పదిసార్లూ తలూపాం.

మా వంతు వచ్చింది. వల స్టేజీ వెనక నేల మీద ఉంది. తాళ్ళు రెండూ స్టేజీ మీదికి వచ్చి మా వాళ్ళ చేతుల్లో ఉన్నాయి. పాటకు తగ్గట్టు గుంజుకుంటూ పోతే వల మెల్లగా బల్లల మీదికి ఎక్కుతుంది, అప్పుడు నేను ఆఖరి మాట అంటాను, దండం పెట్టి దిగిపోతాం. బడి దగ్గర ఇదంతా మూడు నిమిషాల్లో అయ్యేది.

మైకు ముందుకు జరిగి పాట ఎత్తాను. జనం సద్దుమణిగారు. తాళ్ళు కదిలాయి, వల కొంత పైకి వచ్చింది, ఆ తర్వాత ఆగిపోయింది. మావాళ్ళు గుంజుతున్నారు, వల రావడం లేదు. కింద దేనికో తట్టుకుంది. నేను చెప్పే మాటలన్నీ అయిపోయాయి. అప్పుడే ఠంగుమని గంట మోగింది.

పంతులమ్మ పక్కనుంచి చేతులు ఊపింది, ఆపమని. నేను చూశాను. మావాళ్ళు పన్నెండుమందీ నన్ను చూశారు. కానీ వల గట్టుకు రాలేదు. పుట్టినప్పటినుంచి విన్నది ఒకటి, ఆ పొద్దున విన్నది ఒకటి. ఏది నిలుస్తుంది? నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"గంట గొట్టే సారుకు చెయ్యి నొచ్చె."

"గుంజు."

"నొచ్చిన చేతికి నూనె రాయి."

"గుంజు."

జనంలో ఎవరో నవ్వారు. సారు ఇంకోసారి గంట కొట్టాడు, ఈసారి గట్టిగా. ఆ చప్పుడుకే మావాళ్ళు తాళం కలుపుకుని గుంజారు.

"నడిమి కుర్సీ సారు కునుకు దీసె."

"గుంజు."

"కునుకులల్ల కొర్రమట్ట కూర దినె."

"గుంజు."

టెంటు మొత్తం గొల్లుమంది. నడిమి కుర్చీ సారు నిటారుగా కూర్చున్నాడు. పెద్దసారు తల పట్టుకున్నాడు. మావాళ్ళు గుంజిన గుంజుడుకు స్టేజీ బల్లలు కిర్రుమని విడిపోసాగాయి, నా రెండు కాళ్ళూ రెండు బల్లల మీద ఉన్నాయి. అయినా ఆపలేదు. ఆపడమంటే ఏమిటో మాకు తెలియదు.

అప్పుడు జనంలోంచి అవ్వ లేచింది. పరుగెత్తలేదు. కొంగు నడుముకు దోపుకుని, చెరువు దగ్గర నడిచినట్టే నడిచి స్టేజీ వెనక్కి వెళ్ళింది. టెంటు తాడు కట్టిన గూటానికి వల చిక్కుకుని ఉంది. ఆమె వంగి విప్పుతూ, కిందినుంచే నాకు పాట అందించింది. మైకు లేకుండానే ఆమె గొంతు టెంటు చివరిదాకా వినబడింది. నేను ఒక మాట, ఆమె ఒక మాట. "ఇగ గుంజుండ్రి" అందో లేదో వల ఒక్కసారిగా ఎగిరివచ్చి బల్లల మీద పడింది. రెండు జట్లూ వెల్లకిలా పడ్డాయి. నేను ఆఖరి మాట అన్నాను, దండం పెట్టాను.

చప్పట్లు చాలాసేపు కొట్టారు. బహుమతి మాత్రం వేరే బడికి వెళ్ళింది. సమయం మించిందని మమ్మల్ని లెక్కలోకే తీసుకోలేదు. నడిమి కుర్చీ సారు పంతులమ్మను పిలిచి పిల్లలకు క్రమశిక్షణ నేర్పమన్నాడు.

"పాట ఎలా ఉందో చెప్పండి సార్" అంది ఆమె.

ఆయన ముందున్న గంటను పక్కకు జరిపాడు. "పాట బాగానే ఉంది. ఆగలేదు, అంతే" అన్నాడు.

బండి ఎక్కాక గానీ నాకు గుర్తు రాలేదు. మైకులో నా గొంతు ఎలా వచ్చిందో నేను వినలేదు. అన్నాళ్ళు దానికోసమే కలలు కని, తీరా అక్కడ నిలబడి వినడమే మర్చిపోయాను. పంతులమ్మతో చెబితే ఆమె కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి నన్ను దగ్గరికి లాక్కుంది.

అవ్వ మాత్రం దారంతా వల చిరుగులే తడుముతూ కూర్చుంది. చేపలు ఇక పిలిస్తే వస్తాయో రావో అని ఆలోచిస్తోందని నాకు తెలుసు. ఇంటికి వచ్చాక నాకూ అదే భయం పట్టుకుంది. నాలుగు రోజుల తర్వాత పెద్దవల పడేదాకా చెరువు వైపు వెళ్ళలేదు. వెళ్ళి నీళ్ళలోకి చూస్తే చేపలు నన్ను చూసి మొహం తిప్పుకుంటాయేమోనని నిజంగానే అనుకున్నాను.

ఆ రోజు పొద్దున వల వేశారు. అవ్వ పాట చెప్పింది. వల గట్టుకొచ్చింది. అందులో నాచు ఉంది, రెండు జెల్లలు ఉన్నాయి, గంప అడుగు కూడా నిండని పరకలున్నాయి. మగవాళ్ళు వల చుట్టూ నిలబడి చూశారు. మా పెద్దనాయిన చేతిలోని తాడు కింద పడేశాడు.

"మేడ్చల్ల పిలిచి వస్తిరి గద. ఇగ ఈడ ఏడికెల్లి వస్తయి?"

అందరూ నా వైపు తిరిగారు. ఆ మాట మొదట అన్నది అవ్వే. అవునని ఆమె ఒక్కమాట అంటే చాలు, ఆ చెరువు దగ్గరే కాదు, నేను ఇక ఎక్కడా నోరు విప్పేదాన్ని కాదు. ఆ సంగతి నాకు ఆ వయసులోనే స్పష్టంగా తెలిసింది. అవ్వ వంగి ఒక పరకను చేతిలోకి తీసుకుని చూసింది, నీళ్ళలోకి విసిరేసింది.

"ఎండలు ముదిరినయి, నీళ్ళు అడుగంటినయి. ఈ నీళ్ళల్ల చేప ఏడ పెరుగుతది, ఏడ దాసుకుంటది? పాటనేమనకు."

"ఉత్తగ పిలువొద్దని నువ్వే చెప్తివి గద పిన్నీ."

"చెప్పిన. ఎవ్వలు ఉత్తగ పిలిచిన్రు? వల దీస్కపోయినం. వల ఎంబడి నేను వోయిన. అండ్ల చిక్కు వడితె ఇడిపించి గట్టుకు దెచ్చిన. ఇంకేం గావాలె నీకు?" అని తాడు ఎత్తి ఆయన చేతిలో పెట్టింది. "మల్ల ఎయ్యుండ్రి. ఈసారి పొల్ల చెప్తది."

వల మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళింది. అవ్వ తన చోటు నుంచి రెండడుగులు పక్కకు జరిగింది, నేను అక్కడ నిలబడ్డాను. ఆమె పాదాల గుంటలు ఆ బురదలో లోతుగా ఉన్నాయి, నా పాదాలు వాటిలో ఇంకా చాలా చోటు మిగిల్చాయి.

తర్వాత నా బతుకులో చాలా చోట్ల నిలబడి మాట్లాడాను, పాడాను, పోట్లాడాను. గొంతు తగ్గించుకోమన్నవాళ్ళు చాలామంది తగిలారు. ఒక్కరికీ తగ్గించలేదు. ఆ రెండో వలలో ఎన్ని చేపలు పడ్డాయని ఇప్పుడెవరైనా అడిగితే నాకు నిజంగా గుర్తులేదు. పడే ఉంటాయి, ఆ రాత్రి కూర వండారు. నాకు గుర్తున్నది ఒకటే. పాట అందుకున్నవాళ్ళు తప్పు చెబితే అవ్వ గిరుక్కున తిరిగి చూసేది, ఎంత పెద్దవాళ్ళనైనా ఆ చూపుతోనే దారికి తెచ్చేది. ఆ రోజు నేను పాట ఎత్తినప్పటినుంచి వల గట్టుకొచ్చేదాకా ఆమె నీళ్ళ వైపే చూస్తూ నిలబడింది, ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు.